బాప్తిస్మంలో చనిపోయింది ఎవరు?

బాప్తిస్మం అంటే పాపాలు కడిగేసే స్నానమని చాలామంది అనుకుంటారు. రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు చెప్పింది అంతకంటే తీవ్రమైన మాట. నీళ్లలో మునగడమంటే క్రీస్తుతో పాటు సమాధిలోకి దిగడం. పైకి లేవడమంటే ఆయనతో పాటు మరణం నుంచి లేవడం. దిగినవాడి ‘ప్రాచీన స్వభావం’ ఆ నీళ్లలోనే చనిపోవాలి. లేచినవాడి జీవం ఇక దేవునిలో దాగి ఉంటుందని కొలొస్సయుల పత్రిక భరోసా ఇస్తుంది. ముందు మరణం, ఆ తర్వాత ఎవరూ లాక్కోలేని భద్రత. క్రైస్తవ విశ్వాసం తనను నమ్మినవాడికి చేసే వాగ్దానం స్థూలంగా ఇదే.

తెలుగు నేల మీద ఈ వాగ్దానాన్ని అందరికంటే ఎక్కువగా నమ్మినవి మాలపల్లెలూ మాదిగగూడేలూ. వాళ్లు నమ్మిన ఆ మరణాన్ని ఇప్పుడు న్యాయస్థానాలు అక్షరార్థంలో తీసుకుంటున్నాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో పనిచేస్తున్న పాస్టర్, తనను కులం పేరుతో దూషించి కొట్టారని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసును కొట్టివేసింది. ఏళ్ల తరబడి పాస్టర్‌గా ఉన్న వ్యక్తి క్రైస్తవుడు. క్రైస్తవంలో కులం లేదు. కనుక ఆయన ఎస్సీ కాడు. ఆయన చేతిలో రద్దుకాని కుల ధ్రువీకరణ పత్రం ఉన్నా దానివల్ల ఆ చట్టం రక్షణ రాదు. తీర్పు సారాంశం ఇది. ఆ ఫిర్యాదులోని నిజానిజాల జోలికి నేను పోను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఏ న్యాయమూర్తి అయినా ఇంచుమించు ఆ ముగింపుకే చేరతారన్నదీ నాకు తెలుసు. నన్ను ఆలోచనలో పడేసింది మరొకటి. చర్చి, చట్టం, ఊరు - ఈ మూడూ ఒక దళితుడి బాప్తిస్మం గురించి మాట్లాడుతున్నాయి. అందులో చనిపోయినవాడెవరన్న విషయంలో మాత్రం మూడూ మూడు మాటలు చెబుతున్నాయి.

ఆ మరణం మొదట ఏ రూపంలో వచ్చిందో చూడాలంటే ఒంగోలు దాకా వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. పట్టణంలోని అగ్రవర్ణాలవాళ్లు మొదట ఆయన్ని ఆదరించారు, బడికి పిల్లల్ని పంపారు. పల్లెల నుంచి మాదిగలు రావడం మొదలయ్యేసరికి వ్యవహారం మారిపోయింది. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు పెద్దలు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో కూర్చుని కొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నాడు. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే అధ్యాయం అది. యాదృచ్ఛికమో దైవికమో పాఠకుల ఇష్టం. ఆయన మాత్రం మాదిగల వైపు నిలబడ్డాడు. కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని కూలి చూపించాడు. కరువు తీరేదాకా తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజున 2,222 మంది మునిగి లేచారు.

ఆ ఏటిలో వాళ్లు ఏం వదిలి వచ్చారు? ఒంగోలు సంఘంలో చేరేవాళ్లకు చెప్పిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. పైకి ఇవి మతాచారాల్లా కనిపిస్తాయి. ఊరి లెక్కలో పెట్టి చూస్తే వేరే అర్థం వస్తుంది. వారంలో ఒక రోజు నేను నీకు దొరకను అని కామందుతో చెప్పడం మొదటి నియమం. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి దాని మాంసంతో కడుపు నింపుకోవాలన్న కట్టుబాటును కాదనడం రెండోది. జాతరలో డప్పు కొట్టే వెట్టిని నిరాకరించడం మూడోది. ఆ సంగతి కరణాలకు, మునసబులకు వెంటనే అర్థమైంది. బావి దగ్గరకు రానివ్వలేదు, పనిలోకి పిలవలేదు, తప్పుడు కేసులు బనాయించారు. వేదాంతం తెలియకపోయినా వాళ్లు సరిగ్గానే గ్రహించారు: ఈ ఏటిలో చనిపోతున్నది తమ వెట్టివాడు.

కాబట్టి బాప్తిస్మం మన దగ్గర వట్టి పేరుమార్పిడి అని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. అది మొదటి తరానికి ఒక తిరుగుబాటు. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. మిషనరీ దృష్టిలో మాదిగ వదిలిపెట్టాల్సిన ‘ప్రాచీన స్వభావం’ పాపం, అజ్ఞానం, అశుభ్రత. వాటిని మాదిగ తనంతట తాను ఎంచుకోలేదు. ఊరు అతని నెత్తిన పెట్టింది. పైగా ఆ పాత మనిషిలో ఉన్నదంతా చీకటీ కాదు. ఒంగోలు ఉద్యమానికి మొదటి మూలస్తంభమైన యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి, క్రైస్తవుడు కాకముందే రాజయోగ సాధకుడు. ఆయనకు ఆ యోగం నేర్పిన గురువు ఒక స్త్రీ. క్లౌ రెండో భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. అడగడం, వెతకడం, గురువును ఎంచుకోవడం తెలిసిన మనిషి ఏటికి వచ్చాడు. అతను వెతుక్కుంటూ వచ్చిన దారి కూడా ‘పాత స్వభావం’ ఖాతాలోనే పడిపోయింది. నింద మోపినవాడి ఖాతాలో మాత్రం ఏమీ పడలేదు.

తర్వాతి తరాల్లో ఈ మెలిక బిగుసుకుంది. ఇవాళ చాలా సంఘాల్లో ‘పాత మనిషి చనిపోయాడు’ అన్న మాటకు అర్థం, కులం గురించి మాట్లాడకు అని. కులం మాట ఎత్తినవాడు లోకసంబంధి. ప్రార్థన చేసుకో, ప్రభువు చూసుకుంటాడు అంటారు. అలా చెప్పే సంఘాలే పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాయి. గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘం ఎక్కువగా మాలలది, ప్రకాశంలో బాప్టిస్టు సంఘం ఎక్కువగా మాదిగలది అయ్యాయి. ఎస్సీ వర్గీకరణ మీద మూడు దశాబ్దాలు నడిచిన వాదన చర్చి గోడల లోపల కూడా అంతే ఘాటుగా నడిచింది. పద్దెనిమిదో శతాబ్దంలోనే జెజువిట్ల చేతి మీదుగా కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాల వారసులు నేటికీ రెడ్లుగా, కమ్మవారుగానే ఉన్నారు. పేరు చివర రెడ్డి అన్న మాట ఏ బాప్తిస్మపు తొట్టిలోనూ కరగలేదు. కరగాలని ఎవరూ అడగలేదు కూడా. తిరుచిరాపల్లి మేలపుదూర్ శ్మశానంలో దళిత కతోలికుల సమాధులను వేరుచేస్తూ కట్టిన గోడ పక్క రాష్ట్రపు ఉదాహరణ. చనిపోయాక కూడా చావని పాత మనుషులు వాళ్లు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారతపై విధాన పత్రం వెలువరిస్తూ చర్చిలో అంటరానితనం ఉందని ఒప్పుకుంది. ఆలస్యమైనా అది మంచి పనే. ప్రొటెస్టెంటు సంఘాల్లో, ముఖ్యంగా ఊరూరా మొలిచిన స్వతంత్ర ప్రార్థనా మందిరాల్లో, ఆ మాత్రం ఒప్పుకోలు కూడా ఇంకా వినపడటం లేదు.

వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా, 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు గర్భగుడిలోకి ప్రవేశం లేని అరుంధతీయుడి చేత కాశీ విశ్వేశ్వరుడికి సందేశం పంపించాడు. క్రైస్తవుడికి గర్భగుడితో పనేమిటని అప్పుడు అడిగినవాళ్లున్నారు, ఇప్పుడూ ఉన్నారు. గర్భగుడి ముందు తనను ఆపేసిన చూపు చర్చిలో చేరినంత మాత్రాన మారలేదన్నదే దానికి జవాబు.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. దళిత క్రైస్తవుడు షెడ్యూల్డు కులాలవాడు కాడన్నది స్వతంత్ర భారతం కనిపెట్టిన సూత్రం కాదు. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం జారీచేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవుడు ఈ జాబితాలోకి రాడన్న నిబంధన ఉంది. 1950 ఆగస్టు 10 నాటి ఉత్తర్వు దాన్ని హిందూ మతానికి పరిమితం చేస్తూ తిరగరాసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. సిక్కు మతం సిద్ధాంతరీత్యా కులాన్ని ఒప్పుకోదు. బౌద్ధం అసలే ఒప్పుకోదు. అంబేడ్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, నాకిది కొత్త జన్మ అని చెప్పుకునే ప్రతిజ్ఞ కూడా ఉంది. అంటే అక్కడా పాత మనిషి చనిపోయాడు, కొత్త మనిషి పుట్టాడు. ఆ కొత్త మనిషికి పాత గాయం ఉందని పార్లమెంటు 34 ఏళ్ల తర్వాత ఒప్పుకుంది. సరైన పనే చేసింది. అదే న్యాయం క్రైస్తవుడికి, ముస్లింకు ఎందుకు వర్తించదో చెప్పడానికి, ‘మీ మతంలో కులం లేదు కదా’ అన్న వాదన పనికిరాదు. ఆ వాదన నిలిస్తే 1956, 1990 సవరణలు రెండూ నిలవవు.

న్యాయస్థానాలు నిర్మించిన తర్కంలో మరో వింత ఉంది. మతం మారితే కులం పోతుందన్నారు. మరి అదే మనిషి హిందూ మతంలోకి తిరిగివస్తే? గుంటూరు మెడికల్ కాలేజీ సీటు మీద వచ్చిన కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి హిందువైన విద్యార్థిని, కులం తనలో చేర్చుకుంటే, ఎస్సీగా గుర్తించవచ్చని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో కైలాష్ సోన్కర్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, మతం మారినప్పుడు కులానికి గ్రహణం మాత్రమే పడుతుందనీ, తిరిగివస్తే గ్రహణం విడిచిపోతుందనీ అంది. గ్రహణం పట్టిన సూర్యుడు ఆకాశంలోనే ఉంటాడు, కనపడడంతే. అంటే చట్టం దృష్టిలో బాప్తిస్మంలో ఎవరూ చనిపోలేదు. కులం అక్కడే, నీడలో ఉంది. నీడలో ఉన్నంతసేపు కొడితే మాత్రం దెబ్బ లెక్కలోకి రాదు. పౌలు వేదాంతంతోనూ ఊరి అనుభవంతోనూ పొసగని ఈ సిద్ధాంతం మీదే లక్షల మంది రక్షణ ఆధారపడి ఉంది.

మన రాష్ట్రాల రిజర్వేషన్ జాబితా దీనికంటే సూటిగా మాట్లాడుతుంది. వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపు ఒకటుంది. క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారికీ వారి సంతతికీ అందులో ఒక శాతం. ‘వారి సంతతి’ అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగండి. తాత మునిగాడు, తండ్రి పాస్టరు, మనవరాలు పుట్టుకతోనే క్రైస్తవురాలు. అయినా ఆమె ప్రభుత్వ దస్తావేజులో ‘మారిన ఎస్సీ సంతతి’. కులం లేదన్న మతంలో పుట్టిన పిల్లకు కులాన్ని వారసత్వంగా రాసిపెడుతున్నది ప్రభుత్వమే. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకు 2019లో తెచ్చిన పది శాతం కోటాలో మతం ప్రశ్నే లేదు. పేద రెడ్డి క్రైస్తవుడు ఎవరి ముందూ తన మతాన్ని దాచుకోనవసరం లేదు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులోనూ మతం షరతు లేదు. మారితే ఏం పోతుందో లెక్క చూసుకుని మొక్కాల్సింది ఒక్క దళితుడు.

1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడినవాళ్లు ఆరుగురిని చంపారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులు, హతుల పేర్లలోనే బైబిలు పేర్లున్నాయి. బరిసెలు, గొడ్డళ్లు పట్టుకుని తరిమినవాళ్లు ఎవరి మతమూ అడగలేదు. పల్లె మొత్తం చీరాలకు తరలి తలదాచుకుంది. ఆ నెత్తుటి నుంచే దళిత మహాసభ పుట్టింది, నాలుగేళ్ల తర్వాత వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టానికి నేపథ్యం ఏర్పడింది. కారంచేడు జరిగిన రెండున్నర నెలలకు, సెప్టెంబరు 30న, సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు ఇచ్చింది. చెన్నై రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి ఆయన. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న బంకు, క్రైస్తవుడన్న కారణంతో ఆయనకు దక్కలేదు. మతం మారాక కులం కొనసాగుతోందని చూపితే చాలదు, అది కలిగించే వైకల్యాలు కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా ఉన్నాయని నిరూపించాలని కోర్టు అంది. నిరూపించేందుకు సమాచారం లేదని కేసు కొట్టేసింది. ఆ రోజుల్లో చీరాల శిబిరంలో ఉన్నవాళ్లకు ఏ సమాచారం కావాల్సి వచ్చేదో నాకు అర్థం కాదు.

చట్టం ఇలా ఉన్నప్పుడు జనం ఏం చేస్తారు? మా పేటలో నాతో చదువుకున్న పిల్లల్లో చాలామందికి రెండేసి పేర్లు. ఆదివారం ఒకటి, హాజరుపట్టీలో ఒకటి. నాకూ అంతే. బైబిలులో దేవుడు అబ్రామును అబ్రాహాముగా మార్చాడు, సౌలు పౌలుగా పిలిపించుకున్నాడు. తహసీల్దారు కార్యాలయంలో మాత్రం అలాంటి మార్పు ఖరీదైన వ్యవహారం. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఏ ఆదివారమైనా కోస్తా జిల్లాల్లో తిరిగినవాడు ఈ అంకెను నమ్మడు. దీన్ని మోసం అంటున్నారు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని వంచించడమే అంది. మాటగా అది కాదనలేనిదే. కానీ విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకుంటే హాస్టల్ సీటు, ఉద్యోగం, దెబ్బలు తిన్నప్పుడు పోలీసు కేసు - మూడూ పోతాయన్న షరతు పెట్టింది ఎవరు? రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛకు ఒక్క సమూహం విషయంలోనే ధర కట్టి, ఆ ధర చెల్లించలేనివాడిని అబద్ధాలకోరు అనడం న్యాయం అనిపించుకోదు. సాక్ష్యం చెప్పడం క్రైస్తవంలో మొదటి ధర్మం. ఈ ఉత్తర్వు ఒక తరం తర్వాత మరో తరానికి సాక్ష్యం దాచుకోవడం నేర్పింది. దైవభయం ఉన్న మా పెద్దలు కొందరు ఆ బాధతోనే కన్నుమూశారు.

ఇక్కడే నేను చర్చి పెద్దలను ఒక చిన్న పత్రిక మళ్లీ చదవమని కోరతాను. కొత్త నిబంధనలో ఫిలేమోనుకు పౌలు రాసింది ఒకే ఒక్క అధ్యాయం. ఒనేసిము అనే బానిస యజమాని ఫిలేమోను నుంచి విడిపోయి, చెరలో ఉన్న పౌలు దగ్గరకు చేరి, విశ్వాసి అయ్యాడు. ఒనేసిము కొత్త మనిషి. రోమా చట్టం ప్రకారం మాత్రం ఇంకా బానిసే. అతనిలోని పాత మనిషి చనిపోయినందువల్ల అతని మెడ మీది పలుపు తెగలేదు. అప్పుడు పౌలు ఏం చేశాడు? నీ బానిసత్వం లోకసంబంధమైన విషయం, దాని ఊసెత్తకు అని ఒనేసిముకు సుద్దులు చెప్పి ఊరుకోలేదు. కలం పట్టుకుని యజమానికి రాశాడు. ఇతణ్ణి ఇకపై దాసుడిగా కాక ప్రియ సోదరుడిగా చేర్చుకోమని, నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకోమని, అతను బాకీ ఉంటే నా లెక్కలో రాయమని. ఆ ఉత్తరమంతా యజమానిలోని పాత మనిషిని చంపే ప్రయత్నమే. పౌలు బానిస వ్యవస్థను రద్దుచేయమనలేదన్న విమర్శ న్యాయమైనదే, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఎవరు మారాలన్న ప్రశ్నకు ఆయన వేలు ఎటు చూపిందో స్పష్టం. తెలుగు చర్చి నూట అరవై ఏళ్లలో ఒనేసిములకు కోట్ల ప్రసంగాలు చేసింది. ఫిలేమోనుకు రాసిన ఉత్తరాలు ఎన్ని?

యోహాను సువార్తలో ఇంకో ఘట్టం. మరణాన్ని జయించి లేచిన క్రీస్తు శరీరం మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. తోమాను వేలు పెట్టి చూడమంటాడు. కొత్త జీవం వచ్చాక గాయం గురించి మాట్లాడకూడదని చెప్పే బోధకులు ఈ ఘట్టానికి ఏ అర్థం చెబుతారో వినాలని ఉంది. దళిత వేదాంతులు దాదాపు నలభై ఏళ్లుగా దీన్నే ఎత్తి చూపుతున్నారు. వేదాంత కళాశాలల్లో అది పాఠం. పల్లె చర్చి బల్ల దగ్గరికి ఇంకా రాలేదు.

ఈ వాదనకు ఎదురు వచ్చే అభ్యంతరాల్లో ఒకదాన్ని నేను బరువైనదిగా చూస్తాను. మిషన్ బళ్లు, ఆసుపత్రుల పుణ్యమాని ముందుకు వెళ్లిన దళిత క్రైస్తవులు ఎస్సీ జాబితాలోకి వస్తే, వెనకబడిన హిందూ దళితుల వాటా తగ్గుతుందన్న భయం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు అనుమతించాక, 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ 59 కులాలను మూడేసి గ్రూపులుగా విభజించాయి. వెనకబాటును బట్టి వాటా పంచవచ్చని దీనితో తేలింది. అదే పద్ధతిలో క్రైస్తవ దళితుల వాటాను వారి జనాభాను, స్థితిని బట్టి వేరుగా లెక్కగట్టడం అసాధ్యం కాదు. వాటా తగ్గుతుందన్న భయానికి సమాధానం లెక్కల్లో దొరుకుతుంది. నోరెత్తకుండా చేయడంలో దొరకదు.

అసలు రిజర్వేషన్‌ను, అత్యాచార నిరోధాన్ని ఒకే గాటన కట్టడమే తప్పని నా అభిప్రాయం. రిజర్వేషన్ పంపకానికి సంబంధించినది. అందులో పరిమితులు, పోటీలు ఉంటాయి. అత్యాచారం కేసులో ఎవరి వాటా తరుగుతుంది? బాధితుడి మనసులోని దేవుడెవరన్నది అక్కడ నేరానికి మూలం కాదు, కొట్టినవాడి కంటికి అతను ఎవరుగా కనపడ్డాడన్నదే మూలం. ఈ దృష్టి చట్టానికి కొత్తదేమీ కాదు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, బాధితుడు గానీ అతని కుటుంబం గానీ నిందితుడికి ముందే పరిచయమైతే, కులం అతనికి తెలుసనే కోర్టు భావించాలి. ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? పాస్టర్ చేతిలో ఏ పుస్తకం ఉందో చూసి కులాన్ని మరిచిపోయే దొర ఇంకా పుట్టలేదు. పంపకాల వివాదం ఎప్పటికి తేలినా, ఈ ఒక్క చట్టం పరిధిలోకి మతం మారిన దళితులను తెచ్చే సవరణను పార్లమెంటు రేపే చేయవచ్చు. దీన్ని విడిగా అడిగే గొంతు మన ఎంపీల్లో వినిపించడం లేదు. శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తొలగించాలని 2007లోనే సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసి, రెండేళ్ల గడువు ఇచ్చి, ఆ గడువును పొడిగించారు. తీర్మానాలు చేసే పార్టీలకు ఇది సౌకర్యంగానే ఉన్నట్టుంది. క్రిస్మస్ రోజున కేకు కోస్తే సరిపోతుంది.

ఈలోగా జనగణన వస్తోంది. అందులో కులాన్ని కూడా లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. పాస్టర్ కేసులో హైకోర్టు తీర్పు వెలువడినదీ ఆ రోజుల్లోనే. 2027లో గణకులు ఇంటికి వచ్చినప్పుడు మతం ఒక ప్రశ్న, కులం ఒక ప్రశ్న. ఇప్పటిదాకా ఉన్న నిబంధనల ప్రకారం ఎస్సీ అని నమోదు కావాలంటే మతం హిందూ, సిక్కు, బౌద్ధాల్లో ఒకటై ఉండాలి. కనుక గోడ మీద ఏసు పటం, వాకిట్లో సిలువ గుర్తు ఉన్న ఇంట్లో కూడా ‘హిందూ’ అనే రాయించుకోవడం మామూలైపోయింది. క్రైస్తవుడిగా ఉంటూ మాల, మాదిగ అని కులం చెప్పిన మనిషిని ఏ గడిలో లెక్కిస్తారో జనగణన శాఖ ముందే స్పష్టం చేయాలి. అది అడగాల్సినవాళ్లు బిషప్పులు, సంఘ పెద్దలు, విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మా పిల్లలు. సూసై కేసు నాడు కోర్టు లేదన్న సమాచారం ఆ గడుల్లోనే పోగుపడుతుంది. పోగుపడకపోతే వచ్చే కమిషన్ కూడా అదే మాట రాసి ఫైలు మూసేస్తుంది. గణకుడు తలుపు తట్టేలోపు, ఆ ఇంటి ఇల్లాలు తన రెండు పేర్లలో ఏ పేరు చెప్పాలో ఆమెతో కూర్చుని మాట్లాడే తీరిక ఏ సంఘానికి ఉందో చూడాలి.